మా పూల వీధిలో చిటికెన వేలు

మా అమ్మ పక్కన ఎప్పుడూ ఒక నీళ్ళ బాటిల్ ఉంటుంది. దాని మూతకి సూదితో బెజ్జాలు పొడిచి పెట్టింది, నొక్కితే జల్లు పడుతుంది. అది పూలకి. మల్లెలకి ఎండ తగిలినప్పుడల్లా, కనకాంబరాలకి మధ్యాహ్నం, చామంతులకి గుర్తొచ్చినప్పుడు. పొద్దున్నే వడమాలపేటలో బస్సెక్కినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేదాకా అందులోంచి ఒక్క చుక్క ఆమె గొంతు దిగదు. ఈ ఊళ్ళో దప్పిక పూలకే రావాలి, మనుషులకి రాకూడదు అన్నది ఆమె సిద్ధాంతం. సిద్ధాంతం అన్న మాట నాది. ఆమె మాట ఇది: "తాగితే పోవల్ల. పోవాలంటే యాడికి పోయేది?"

నేను రాస్తున్నదంతా ఆ 'యాడికి' గురించి. ఆడవాళ్ళ పోరాటాల గురించి రాస్తూ ఇంతకన్నా ఉన్నతమైన విషయం దొరకలేదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నతమైనవన్నీ కొండ మీద ఉన్నాయి. మేము కింద ఉంటాం.

తిరుపతిలో మరుగుదొడ్లు లేవని నేను అనను. బస్టాండు పక్కన బోర్డే ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు, అన్నింట్లోనూ 'మరుగుదొడ్లు ఇటు' అని రాసి బాణం వేశారు. బాణం చూపించిన వైపు పోతే ఇంకో బాణం. యాత్రికులకి ఇబ్బంది లేదు, వాళ్ళు నడవడానికే వచ్చారు, కొండే ఎక్కేవాళ్ళకి ఇదెంత. మా అమ్మ అంత దూరం పోయి క్యూలో నిలబడి తిరిగొచ్చేసరికి గంప ఉన్న చోట ఇంకొకరి గంప ఉంటుంది. పక్కామె చూసుకోవచ్చు కదా అంటారా. పక్కామె కూడా పొద్దుటి నుంచి ఆపుకుని కూర్చున్న మనిషే. ఎవరు ఎవరిని చూసుకోవాలి?

మా వీధి అంటే పూల గంపలూ గాజుల బండ్లూ ఆకుకూరల గోతాలూ పరుచుకున్న ఒక సందు. ఈ కొసన వడమాలపేట, పాకాల పక్క పల్లెల నుంచి వచ్చే మా తెలుగువాళ్ళు. నడుమ, అరటి నారతో పూలు కట్టే తమిళం వాళ్ళు. ఆ కొసన గాజులూ రిబ్బన్లూ అమ్మే ఉర్దూ ఆడవాళ్ళు. బేరం దగ్గర అందరికీ అన్ని భాషలూ వస్తాయి. గొడవ దగ్గర మాత్రం ఎవరి భాష వాళ్ళదే.

మా అవ్వ ఉద్యమకారిణి అన్న సంగతి నాకు డిగ్రీలో ఉండగా తెలిసింది. ఆడవాళ్ళ ఉద్యమాల చరిత్ర రాస్తున్నానని ఒక మేడం రికార్డర్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అవ్వ వయసులో ఉన్నప్పుడు మా పక్కనంతా ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించారు కదా, ఆ సంగతి అడగడానికి.

"అవ్వా, ఆ పోరాటానికి మీకు స్ఫూర్తి ఎక్కడ నుంచి వచ్చింది?"

అవ్వ నా వైపు చూసింది. "స్ఫూర్తంటే ఎవురు మే?"

"ఎందుకు చేసినావు అని అడుగుతా ఉండాది" అన్నాను.

"మొగోళ్ళు తాగొచ్చి కొట్టేటోళ్ళు. కారంపొడి, చీపుర్లు ఎత్తుకోని పొయినాము. అంగడి మూసినారు."

"దాంతో మీ జీవితంలో వచ్చిన మార్పు?"

"తాగకుండా కొట్టినారు."

మేడం రికార్డర్‌ని అవ్వకి ఇంకొంచెం దగ్గరగా జరిపింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఆపైన ఇంకేమైనా పోరాటాలు చేశారా?" అంది.

"సేసినాము. తిరపతి వీధిలో పూలమ్మేటప్పుడు ఒంటికి పోయేదానికి జాగా అడిగినాము."

మేడం మర్యాదగా నవ్వి రికార్డర్ ఆపేసింది. టీ తాగి, అవ్వతో ఫోటో దిగి వెళ్ళిపోయింది. చరిత్రలో మా అవ్వ సారా అంగడి దగ్గరే ఆగిపోయింది. అసలు గొడవ ఆ తర్వాతే మొదలైందని రికార్డరుకి తెలియదు.

ఆ గొడవకి ఆధారాలు మా వీధి చివర ఇప్పటికీ ఉన్నాయి. రెండు రాళ్ళు. మొదటిది అవ్వ వాళ్ళు అడిగినప్పుడు వేసిన శంకుస్థాపన రాయి. రెండోది, మొదటి రాయి సంగతేమని మా అమ్మ వాళ్ళు అడిగినప్పుడు వేసినది. రెండింటి మీదా 'మహిళల సౌకర్యార్థం' అని చెక్కి ఉంది. వానలకి మిగతా అక్షరాలు అరిగిపోయాయి, ఆ రెండు మాటలు మాత్రం మొండిగా నిలిచాయి. ఎవరికైనా మరీ ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఆ రెండు రాళ్ళ మధ్యకి పోతారు, తోటివాళ్ళు చీర అడ్డం పట్టుకుంటారు. అందుకని ప్రభుత్వం మాకు మరుగుదొడ్డి కట్టలేదంటే నేను ఒప్పుకోను. రెండు గోడలు కట్టింది. మిగతా రెండూ మేం పట్టుకుంటున్నాం. ఎదురుగా టీ కొట్టు ఉంది కాబట్టి పట్టుకునేవాళ్ళు బలంగా పట్టుకోవాలి.

నిరుడు ఎండాకాలంలో అమ్మకి చలిజ్వరం పట్టుకుంది. నడుము పట్టేసి, ఒంటికి పోతే మంట. ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చూసి, ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పోయిందని చెప్పింది.

"రోజంతా నీళ్ళు తాగుతూ ఉండాలి. ఆపుకోకూడదు. ఇంకోసారి ఇట్లే వస్తే కిడ్నీ పాడైపోతుంది. అర్థమైందా అమ్మా?"

అమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చినాక నాతో అంది: "ఆయమ్మకేం మే, రూములోనే బాత్రూముండాది. సెప్తాది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె మీదే చూపించాను. "నీ కిడ్నీ కన్నా పూలు ఎక్కువా?" అన్నాను. సినిమాలో అయితే ఈ మాటకి వెనకాల వీణ మోగాలి. మా అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "కిడ్నీ మూర ఎంతకి పోతాది?" అంది.

నేను రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తాను. మాకు టాయ్‌లెట్ ఉంది, పోవడానికి టైం లేదు. అమ్మకి టైం ఉంది, టాయ్‌లెట్ లేదు. ఇంత అభివృద్ధి జరిగినాక ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకి కలిపి ఒక పూర్తి సౌకర్యం దొరికింది. దానికి సంతోషించాలి.

అమ్మ జ్వరం సంగతి వీధిలో పాకినాక, మూడోసారి అడగాలని ఆడవాళ్ళే అనుకున్నారు. నా వారం సెలవు రోజు చూసి రాళ్ళ దగ్గర కూడినారు. రాసే పని నాకు అప్పజెప్పినారు, డిగ్రీ చదివినానని. మా ఇంట్లో తాతది పాత పంచె ఒకటి ఉంటే బ్యానర్ కోసం అవ్వ దాన్ని ఇచ్చింది. "ఆయప్పతో ఏ ఉపకారమూ కాలేదు, పంచెతోనన్నా కానీలే" అంది.

పంచె మీద ఏం రాయాలి అన్నది పెద్ద పంచాయితీ అయింది. మాట్లాడింది ముఖ్యంగా ముగ్గురు. ఒకరు మా అమ్మ. రెండో ఆమె తమిళం వాళ్ళలో పెద్దామె, తిరుత్తణి నుంచి వచ్చి స్థిరపడింది కాబట్టి అందరూ తిరుత్తణక్క అంటారు. మూడో ఆమె గాజుల బండి ఖాలా.

"మరుగుదొడ్డి కావాలి, అని రాస్తా" అన్నాను.

"కావాలి అంటే భీక్ మాంగ్‌నా, అడుక్కునే మాదిరి ఉంటాది బేటీ" అంది ఖాలా. "నక్కో."

"పోనీ, మరుగుదొడ్డి మా హక్కు."

హక్కు అన్న మాట ఖాలాకి నచ్చింది. తిరుత్తణక్కకి అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల ఎవరో తమిళంలో హక్కుని ఉరిమై అంటారని చెప్పింది.

"ఉరిమేది మాకొద్దు" అంది మా అమ్మ. "రెండు తూర్లు ఉరిమినారు. ఒక్క తూరీ వాన పళ్ళేదు."

నేను పెన్ను పక్కన పెట్టేశాను. "మీ ముగ్గురికీ తెలిసిన మాట ఒకటి చెప్పండి, రాస్తా. నాకు సెలవు ఈ ఒక్క రోజే."

అప్పుడు అమ్మ అంది, "మరుగుదొడ్డి అవసరం, అని రాయి. ఉండే మాటే గదా."

తిరుత్తణక్క తొడ మీద చరుచుకుంది. "ఆమా, ఆమా. అవసరం. అదే రాయి. పెద్ద ఎళుత్తుగా రాయి."

"అవసరం అంటే జరూరత్" అని ఖాలా తన వెనకున్న వాళ్ళకి చెప్పింది. వాళ్ళూ తలలు ఊపారు.

మా వీధి చరిత్రలో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మా వీధిలో ఏకగ్రీవం అంటే ఎవరికో ఏదో అర్థం కాలేదనే.

ఏ ఆఫీసుకి పోయామో చెప్పను. చెప్తే, అది తమ పరిధిలోది కాదని వాళ్ళు అంటారు, ఎవరి పరిధో తేలేలోపు నేను ముసలిదాన్నవుతాను. ఒక ఆఫీసు. మెట్ల మీద పంచె పరిచి అందరం కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కేటప్పటికి ఆఫీసరు బయటికొచ్చాడు. మంచి మనిషి. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఇంకో దారి చూసుకునేవాళ్ళం. ఆయన పంచె మీది అక్షరాలు పూర్తిగా చదివి చేతులు జోడించాడు.

"చూడండమ్మా, మీరు రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇది అవసరం. అవసరమని నేనే ఒప్పుకుంటున్నాను. నా మాటగా రాసుకోండి."

అంతే, తిరుత్తణక్క లేచి నిలబడింది. ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి తమిళంలో గట్టిగా ఏదో చెప్పింది, వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టారని ఉర్దూ వాళ్ళు కొట్టారు. ఉర్దూ వాళ్ళు కొట్టాక మేం ఊరుకుంటే బాగుండదని మేమూ కొట్టాం. అక్క తన బుట్టలోంచి రెండు మూరల మల్లెపూలు తీసి ఆయన మెడలో వేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోటో తీశారు. పంచె చుట్టేసి అందరం ఇళ్ళకి వచ్చేశాం. ఆఫీసరు మాకేమీ ఇవ్వలేదని, మేమే ఆయనకి పూలిచ్చి వచ్చామని బస్సులో వడమాలపేట దగ్గరికొచ్చాక నాకు తట్టింది.

ఎండలు పోయి వానలొచ్చాయి. రాళ్ళ దగ్గర తట్టెడు మట్టి కూడా ఎవరూ తీయలేదు. వీధిలో మొదట గొణుగుడు, తర్వాత గొడవ.

"వాడే సొన్నాడు కదా అవసరమని" అని తిరుత్తణక్క మా అమ్మ మీదికి వచ్చింది. "అవసరమని సొల్లి ఇన్ని నెలలా? అబద్ధం చెప్పినాడు. మీ తెలుగోడు."

"అబద్ధమేముండాది? అవసరమన్నాడు. అవసరమే గదా" అంది అమ్మ.

"అవసరమంటే ఇప్పుడే కదా."

"ఇప్పుడే అని ఎవురు సెప్పినారు మే? అవసరమంటే ఉండల్ల అని."

"అవసరమంటే సీక్రం. వేగం. ఆపుకోలేనంత." తిరుత్తణక్క చేతులు నడుముకి పెట్టుకుంది. "మీకు అవసరం కూడా నిదానంగానే వస్తాదా?"

మా వైపు ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. నేను మాత్రం అరుగు మీద కూలబడ్డాను. తమిళంలో అవసరం అంటే తొందర. వాళ్ళు ఆ పంచె కింద కూర్చున్నది తొందరగా కట్టండి అని. మేం కూర్చున్నది ఒకటి ఉండాలి అని. ఒకే పంచె, ఒకే మాట, రెండు ఉద్యమాలు. ఆఫీసరు తెలుగులో ఒప్పుకున్నాడు, వాళ్ళు తమిళంలో విన్నారు. ఇన్నేళ్ళుగా ఒకే సందులో భుజం భుజం రాసుకుని పూలు కడుతున్నాం, బేరంలో ఈ మాట ఎన్నిసార్లు దొర్లి ఉంటుందో. దీన్ని కనిపెట్టడానికి ఒక మరుగుదొడ్డి కట్టకుండా ఉండాల్సి వచ్చింది.

ఈ సంగతి విడమరిచి చెప్తే ఇరువైపులా శాంతిస్తారనుకున్నాను. "సూసినావా, మీ భాషలోనే తొందర లేదు" అని ఒకరు, "మీ భాషలోనే నిదానం లేదు" అని ఒకరు. వారం రోజులు ఆ కొసా ఈ కొసా మాటల్లేవు. పూలు కట్టే నార కూడా ఇచ్చిపుచ్చుకోలేదు. ఉద్యమాలు ఎందుకు చీలిపోతాయో పుస్తకాల్లో పెద్ద పెద్ద కారణాలు చదివాను. ఏ పుస్తకంలోనూ నార లేదు.

ఖాలా ఒక సాయంత్రం గాజులు పేపర్లో చుడుతూ అంది: "మా మాట తీస్కో బేటీ. మేము జరూరీ అంటే మీ అవసరం. మీ తెలుగు ఆఫీసుల్లో జరూరు అంటే అర్జెంటు. ఈసారి నేను మాట్లాడతా. నాకు అవసరం అని చెప్తా, వానికి అర్జెంటు అని వినిపిస్తాది."

ఇంత తెలివైన ఉపాయం నేను వినలేదు. ముగ్గురూ మళ్ళీ కలిశారు. చలికాలంలో మళ్ళీ ఆఫీసుకి పోయాం. ఖాలా ముందు నిలబడి, "జరూరీ హై సాబ్. బహుత్ జరూరీ" అంది.

ఆఫీసరు కుర్చీలోంచి కొంచెం లేచాడు. ఉపాయం పారింది అనుకున్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"అంత జరూరంటే ఎట్లమ్మా? ప్రపోజల్ పోవాలి, ఎస్టిమేట్ వేయాలి, పైనుంచి రావాలి. మీ బాధ నాకు తెలీదా?"

తెలుసు. నన్ను ఎక్కువ మండించింది అదే. ఇన్నాళ్ళూ మాట సరిగ్గా అందలేదు, అందితే పనవుతుంది అనుకుంటున్నాం. ఆయనకి తెలుగులో అర్థమైంది, తమిళంలో అర్థమైంది, ఉర్దూలో ఇంకా బాగా అర్థమైంది. అర్థం చేసుకోవడం ఆయన ఉద్యోగం. కట్టడం ఆయన ఉద్యోగం కాదు.

అప్పుడు మా అమ్మ, అప్పటిదాకా వెనకాల గోడకి ఆనుకుని ఉన్నది, ముందుకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఒక్క మాట మాట్లాడకుండా ఆఫీసరు ముందు కుడిచేతి చిటికెన వేలు ఎత్తి చూపించింది.

నేను భయపడ్డాను, జ్వరం మళ్ళీ తిరగబెట్టిందేమో అని. ఆఫీసరు ఇబ్బందిగా అటెండర్ వైపు చూశాడు. "స్టాఫ్‌కి మాత్రమేనమ్మా" అన్నాడు అటెండర్. అమ్మ వేలు దించలేదు. చిన్నపిల్లలు బడిలో టీచరు ముందు ఎత్తినట్టు ఎత్తి పట్టుకునే ఉంది. చివరికి ఆఫీసరే కారిడార్ చివరికి చెయ్యి చూపించాడు.

చాలాసేపటికి బయటికొచ్చింది. ముఖంలో కళ తిరిగొచ్చింది.

"బాగుండాది మే" అంది నాతో, అందరికీ వినపడేటట్టు. "టైల్సు ఏసినారు. నీళ్ళొస్తా ఉండాయి. రేపు గూడా వస్తాను."

వెక్కిరింపు కాదు. ఆమెకి నిజంగా బాగుంది. తిరుత్తణక్క, ఖాలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి మా వీధి ఆడవాళ్ళు వంతులేసుకుని ఆ ఆఫీసుకి పోవడం మొదలుపెట్టారు. గంపలకి కాపలా ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు. నినాదం లేదు, బ్యానర్ లేదు. కారిడార్‌లో గోడ వారగా వరసగా నిలబడి చిటికెన వేలు ఎత్తుతారు. తెలుగు వేలు, తమిళ వేలు, ఉర్దూ వేలు, చూస్తే తేడా తెలియదు. పిడికిలి ఎత్తిన పోరాటాలు దేశంలో చాలా జరిగాయి. చిటికెన వేలు ఎత్తినది ఇదొక్కటే అనుకుంటాను. రికార్డర్ మేడానికి ఫోన్ చేసి చెప్పాను కూడా. వీలు చూసుకుని వస్తానంది.

అటెండర్ బాత్రూంకి తాళం వేశాడు. ఆడవాళ్ళు కదల్లేదు. కాసేపటికి ఆ ఆఫీసులోనే పనిచేసే టైపిస్టు ఆవిడ సీట్లోంచి లేచి వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా తాళం తీసింది. పోతూ పోతూ అమ్మతో మెల్లగా అందట: "మాకూ దీన్ని ఊరికే ఇయ్యలేదక్కా. మేమూ అడిగితేనే కట్టినారు."

ఈ ఊళ్ళో ప్రతి బాత్రూం వెనకాలా ఎవరో ఒక ఆడమనిషి గొడవ ఉందన్నమాట. రాళ్ళ మీద వాళ్ళ పేర్లు మాత్రం ఉండవు.

కారిడార్‌లో వరస తగ్గకపోయేసరికి ఆఫీసులో ఎస్టిమేట్ కదిలింది. మూడో రాయి వేయలేదు. ఆ అవమానం తప్పింది. నేరుగా గోడలే లేచాయి. సరిగ్గా పాత రాళ్ళ వెనకాల, ఒక గది. అడిగింది నాలుగు. ఒకటి కట్టి మిగతావి రెండో విడతలో అన్నారు. రెండో విడతని నా కూతురు చూస్తుంది, నాకు పెళ్ళంటూ అయితే.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది, మొదట తనే పోతానని. స్త్రీ శక్తి గురించి ముగ్గురు మగవాళ్ళు మాట్లాడారు. ఆఫీసరుకి తిరుత్తణక్క పూలు ఇవ్వలేదు. రిబ్బన్ కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, తలుపు తీసి ఫోటో తీసుకున్నారు, తలుపు మూసి తాళం వేశారు.

"ఏమప్పా, మూసేసినావే?" అంది అవ్వ, తాళం వేసిన కాంట్రాక్టరు మనిషితో.

"నీళ్ళ కనెక్షన్ రావల్ల అవ్వా. ఓపెనింగ్ మాత్రం అయింది."

"ఓపెనింగయింది, ఓపెను గాలేదు" అని నేను అనువదించాను.

అవ్వ శంకుస్థాపన రాయి మీద కూర్చుంది. "ఇన్నేండ్లు ఆపుకున్నాను. ఇంగ కొంచేపు ఆపుకుంటాలే" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నవ్వించడం నా పని, అవ్వ నా పని లాక్కుంది.

ఆరోజు నేను ఎవరి మీదైనా అరిచి ఉండేదాన్ని. అమ్మ అరవలేదు. కాంట్రాక్టరు మనిషి దగ్గరికి పోయి భక్తిగా అడిగింది: "నాయనా, కొత్త కట్టడం. పూజ సెయ్యకుండా మూసిపెడితే మంచిది గాదు. తాళం ఇయ్యి, రెండు పూలు పెట్టి దీపం పెట్టుకుంటాము."

తిరుపతిలో పూజకి తాళం ఇవ్వనన్న మగవాడు ఇంకా పుట్టలేదు. ఇచ్చాడు. గుమ్మానికి బంతిపూల దండ కట్టారు, నిమ్మకాయ కోసి పెట్టారు. ఖాలా దూరంగా నిలబడి, తొందరగా కానియ్యండి అన్నట్టు చూస్తోంది. వీధిలోని బిందెలన్నీ వచ్చాయి, పూలకి జల్లే బాటిళ్ళతో సహా. నీళ్ళ కనెక్షన్ అట్లా వచ్చింది. అవ్వ లోపలికి పోయింది. బయట ఎంతమందిమి ఉన్నామో అంతమందిమీ చేతులు కట్టుకుని నిలబడ్డాం, గర్భగుడి ముందు నిలబడ్డట్టు. బయటికొచ్చి ఏమంటుందో అని చూస్తే, "గడియ గట్టిగా పడట్లేదు, సూడండి" అంది.

కాంట్రాక్టరు మనిషి సాయంత్రం తాళంచెవి అడిగాడు. పూజ ఇంకా అవలేదన్నారు. మర్నాడూ అవలేదు. తాళంచెవి ఇప్పుడు ఖాలా బండి మీద, ఎర్ర గాజుల వరసలో వేలాడుతోంది. కొనేవాళ్ళు కొందరు దాని ధర కూడా అడుగుతారట.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ పది పదిహేను రోజుల తర్వాత సెలవు రోజున వీధికి పోతే అమ్మ పక్కన బాటిల్ నిండుగా ఉంది. చెమటలు కారుతున్నాయి, పెదాలు ఎండి ఉన్నాయి.

"తాగినావా?"

"అలవాటు లేదు మే. గొంతులోకి పోదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ కాలం నుంచి అడిగి, రెండు రాళ్ళు మోసి, మూడు భాషల్లో పోట్లాడి, ఆఫీసు కారిడార్‌లో నిలబడి సంపాదించిన గది పది అడుగుల దూరంలో ఉంది. ఈమె ఆపుకుంటోంది. ఆపుకోవడం ఎట్లాగో ఇన్నేళ్ళు నేర్చుకుంది, మానడం ఎవరూ నేర్పలేదు. కిడ్నీ గురించి మళ్ళీ ఉపన్యాసం మొదలుపెట్టాను. నా ఉపన్యాసానికి అమ్మ చామంతుల మీద నీళ్ళు జల్లింది.

"తాగు. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"తాగుతాలే. ఇప్పుడేం అవసరం?"

పూలు కడుతున్న తిరుత్తణక్క తలెత్తకుండానే అంది: "అవసరమే ఇల్ల. ఎవురు తరుముతా ఉండారు నిన్ను? నిదానంగా తాగు."

అమ్మ అక్క వైపు చూసింది. అక్క మాట అక్క భాషలో పడిందో, మా భాషలో పడిందో, రెండింట్లోనూ పడిందో నాకు తెలియదు. బాటిల్ తీసుకుంది. బెజ్జాల మూత విప్పి పక్కన పెట్టింది. ఒక గుక్క తాగి ఆగింది. ఏదైనా జరుగుతుందేమో అన్నట్టు కాసేపు చూసి, ఇంకో గుక్క తాగింది. అట్లా ఆగి ఆగి సగం బాటిల్ తాగింది. మిగతా సగం పూలకి పెట్టింది.

కాసేపటికి లేచి, ఖాలా వైపు తిరిగి చిటికెన వేలు ఎత్తింది. ఖాలా గాజుల మధ్యలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది.

నేను గంప దగ్గర కూర్చున్నాను. ఎప్పుడూ అమ్మ దగ్గర పూలు కొనే ఒకామె, ఆకుకూరల సంచీ మోసుకుంటూ వచ్చి, ఆ చోట నన్ను చూసి ఆగింది.

"మీ అమ్మ యాడికి పొయింది పాపా? ఎప్పుడు సూసినా ఈడనే కూసోనుంటాది గదా."

నేను రాళ్ళ వెనక వైపు చూపించాను. ఆమె అటు చూసింది, మూసి ఉన్న తలుపు చూసింది, సంచీ నా గంప పక్కన దించింది. నా వైపు వంగి, ఎవరూ చూడకుండా చిటికెన వేలు ఎత్తింది.

"మా అమ్మ వచ్చినాక" అన్నాను. "తాళంచెవి ఒకటే ఉండాది."